సంఘంలో చేరాక మీకు నిజంగా అక్కరకొచ్చిన సమాచారం ఏది?

రెండెకరాలు:
సహకార సంఘం నుంచి నేను విత్తనం, ఎరువు తెచ్చుకుంటాను, అంతవరకే. సమాచారం కూడా దొరుకుతుందంటారు. మీకు ఏం దొరికింది, దానివల్ల పొలంలో ఏం మారింది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మొక్కజొన్న రైతు:
కత్తెర పురుగు మొదటిసారి వచ్చినప్పుడు అది కాండం తొలిచే పురుగే అనుకుని, కొట్లో ఏది ఇస్తే అది కొట్టాం. సంఘంలో పనిచేసే అబ్బాయి చేలోకొచ్చి పురుగును అరచేతిలో పెట్టి చూపించాడు. తల మీద తిరగేసిన వై గుర్తు, తోక దగ్గర చతురస్రంలా నాలుగు నల్ల చుక్కలు. పగలు మొక్క నడిమి ఆకుల సుడిలో దాక్కుంటుంది కాబట్టి పొద్దున్నే గానీ సాయంత్రం గానీ, పురుగు చిన్నగా ఉన్నప్పుడే, మందు సుడిలో పడేలా కొట్టమన్నాడు.

ఆ రోజే ఇంకో సంగతి బయటపడింది. ముగ్గురం తెచ్చిన మూడు డబ్బాలు పక్కపక్కన పెట్టి చదివితే పైన పేర్లు వేరు, లోపలి మందు ఒకటే! ఒకటి పనిచేయలేదని ఇంకోటి కొన్నామనుకున్నాం గానీ, మళ్లీ మళ్లీ కొట్టింది అదే. ఒక్కడినే ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

రెండెకరాలు:
అన్నా, ఇది వ్యవసాయ అధికారి కూడా చెబుతారు కదా. సంఘమే ఎందుకు?

పాత సభ్యుడు:
మంచి ప్రశ్న తమ్ముడూ. అధికారి చెప్పేది మొత్తం ప్రాంతానికి. మన నేలకు ఏది సరిపోతుందో పక్క చేలవాళ్ల లెక్కల్లోనే ఉంటుంది. మేం పన్నెండు మందిమి విత్తిన తేదీ, రకం, ఎన్నిసార్లు పిచికారీ చేశాం, దిగుబడి ఎంత అని నోటుపుస్తకాల్లో రాసి, పంట అయ్యాక కలిసి చదువుకుంటాం. మూడో ఏడాదికి తేలిందేమిటంటే, ఎరువు ఎక్కువ వేసినవాళ్లకు దిగుబడి ఎక్కువ రాలేదు, ఖర్చే పెరిగింది. ఇది నాకు ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. నా పుస్తకమే చెప్పింది.

రైతులు వారానికోసారి చేలో కూర్చుని, చూసి, చర్చించుకునే పొలంబడి పద్ధతి 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో మొదలైంది. మా పుస్తకాల పద్ధతికీ మూలం అదే.

కలుపు చేను:
ఎవరూ అనని మాట ఒకటి అంటాను. మా సంఘంలో పొలం ఎవరి పేరు మీద ఉంటే సభ్యత్వం వాళ్లకే. కలుపు తీస్తూ ఆకు అడుగున గుడ్ల కుప్పను ముందు చూసేది నేను. సమావేశానికి వెళ్లేది మా ఆయన. విన్నది ఇంటికొచ్చేసరికి సగం అవుతుంది. మేం కొందరం అడగ్గా సమావేశం మధ్యాహ్నానికి మార్చారు, చదవలేనివాళ్ల కోసం ఫోన్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడుతున్నారు. కౌలు రైతులకు మాత్రం ఇప్పటికీ ఏదీ అందడం లేదు. ఆ బాధ నాకు ఉంది.

ఎర్రనేల:
మట్టి పరీక్ష. నమూనాలన్నీ సంఘమే ఒకేసారి పంపించింది. గట్ల దగ్గర, చెట్ల కింద, పెంటకుప్ప పక్కన మట్టి తీయొద్దని అప్పుడే తెలిసింది. కాగితం చేతికిచ్చి వదిలేయకుండా ఒక్కొక్కరికీ చదివి చెప్పారు, అదే అసలు మేలు.

తూకం:
మా సంఘానికి గింజల్లో తేమ కొలిచే మీటర్ వచ్చింది. అంతకుముందు వ్యాపారి తేమ ఎక్కువంటే తల వంచుకుని తరుగు ఒప్పుకునేవాళ్లం. ఇప్పుడు ఇంట్లోంచి గింజలు కదిలించకముందే మా అంకె మాకు తెలుసు. ఎండబెట్టాలా, అమ్మాలా అన్నది మేమే తేల్చుకుంటాం.

ఎర్రనేల:
ఒక్క జాగ్రత్త చెప్పడం మరిచాను. మా సంఘం గోదాములో ఒక మందు మిగిలిపోతే ఆ సీజనంతా సలహా దాని చుట్టూనే తిరిగింది. అమ్మేవాళ్లే సలహా ఇస్తుంటే "మీ దగ్గర లేనిదాంట్లో ఇంకేం పనిచేస్తుంది?" అని అడగండి.

పాత సభ్యుడు:
నిజమే. సర్వసభ్య సమావేశంలో నిలబడి అడగాలి. అంతర్జాతీయ సహకార కూటమి 1995లో ప్రకటించిన ఏడు సూత్రాల్లో అయిదోది విద్య, శిక్షణ, సమాచారం. అది సంఘం చేసే ఉపకారం కాదు, సభ్యుడికి దక్కాల్సింది.

రెండెకరాలు:
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం మా సమావేశం, మా ఆవిడను కూడా తీసుకెళ్తున్నాను. సభ్యత్వం ఇద్దరి పేరా ఉండొచ్చా అని అడిగి, ఏమన్నారో ఇక్కడ రాస్తాను. పాత సభ్యుడు గారూ, మీ నోటుపుస్తకంలో ఒక పేజీ ఫోటో పెట్టగలరా?