లైనక్స్ అప్లికేషన్‌లో కెమెరాకు ఏ ఇంటర్‌ఫేస్ మేలు?

ప్రశ్న: పత్రాలను ఫొటో తీసి భద్రపరిచే చిన్న ఓపెన్‌సోర్స్ అప్లికేషన్ రాస్తున్నాను. నేరుగా వీ4ఎల్2 (లైనక్స్ కెర్నెల్‌లోని వీడియో ఇంటర్‌ఫేస్) వాడితే యూఎస్‌బీ వెబ్‌క్యామ్ పనిచేస్తోంది గానీ, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కెమెరా మాడ్యూల్‌తో సరైన బొమ్మ రావడం లేదు. ఏ దారి పట్టమంటారు?

జవాబు 1: వెబ్‌క్యామ్ రంగులనూ ఎక్స్‌పోజర్‌నూ తనలోనే సరిచేసుకుంటుంది, ఆ మాడ్యూల్ సెన్సర్ మాత్రం ముడి డేటా ఇస్తుంది కాబట్టి, ఆ సవరణలను నడిపించే లిబ్‌కెమెరా అనే లైబ్రరీ కావాలి.

జవాబు 2: ఫ్లాట్‌ప్యాక్‌గా (వేర్వేరు లైనక్స్‌లలో నడిచే ప్యాకేజీగా) పంచే ఉద్దేశం ఉంటే నేనైతే ఆడియో, వీడియోలను అప్లికేషన్లకు అందించే పైప్‌వైర్‌నే ఎంచుకుంటాను, పోర్టల్ (అప్లికేషన్‌కూ సిస్టమ్‌కూ మధ్యవర్తి) వాడుకరి అనుమతి అడుగుతుంది, వెనుక వీ4ఎల్2 ఉన్నా లిబ్‌కెమెరా ఉన్నా మీ కోడ్ పెద్దగా మారదు.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. అయితే వెబ్‌క్యామ్‌లో 1080పీ పెడితే సెకనుకు 5 ఫ్రేములే వస్తున్నాయి, ఇది కూడా ఇంటర్‌ఫేస్ లోపమేనా?

జవాబు 1: కాదండీ. వైయూవైవీ అనే కుదించని రూపంలో 30 ఫ్రేములకు సెకనుకు దాదాపు 124 మెగాబైట్లు కావాలి, యూఎస్‌బీ 2.0 గరిష్ఠ పరిమితే 60. ఫ్రేములను కుదించి పంపే ఎంజేపెగ్ రూపం ఎంచుకుని చూడండి.