టెస్టింగ్ టైమ్‌లతో ఒకే టీమ్ డ్రైవర్లను పోల్చడం ఎలా?

ఒకే ఎఫ్1 (ఫార్ములా 1 కార్ రేసింగ్) టీమ్ డ్రైవర్లిద్దరిలో ఎవరిది అసలైన వేగమో టెస్టింగ్ (సీజన్‌కి ముందు జరిగే ట్రయల్) టైమ్‌ల నుంచి తేల్చాలని వారం రోజులుగా కుస్తీ పడుతున్నాను. తీసుకున్నది 2025 ఫిబ్రవరి 26-28 బహ్రెయిన్ టెస్ట్. అక్కడ ఫాస్టెస్ట్ ల్యాప్ విలియమ్స్ డ్రైవర్ సైన్జ్‌ది, 1:29.348. తర్వాత మెల్‌బోర్న్‌లో జరిగిన సీజన్ తొలి రేసుకి పోల్ (అందరికంటే ముందు నుంచి స్టార్ట్ చేసే స్థానం) మాత్రం మెక్‌లారెన్ డ్రైవర్ నోరిస్‌కి దక్కింది. అందుకే ఒక్క ల్యాప్‌ని నమ్మడం మానేసి, పది ల్యాప్‌లు దాటిన స్టింట్‌లే (ఆగకుండా వరసగా నడిపిన ల్యాప్‌లు) చూశాను. పిట్‌లోకి వచ్చే, బయటికి వెళ్లే ల్యాప్‌లు తీసేశాను. 10 కిలోల ఇంధనానికి సుమారు 0.3 సెకన్ల చొప్పున సవరించాను. టైర్ కాంపౌండ్ (రబ్బరు రకం) వేరైతే అసలు పోల్చలేదు.

అయినా ఉదయం నడిపినవాళ్లకీ సాయంత్రం నడిపినవాళ్లకీ మధ్య తేడా పోవడం లేదు. చల్లబడ్డాక ట్రాక్ మారిపోతుంది కదా, లెక్క అక్కడే తప్పుతోందని నా అనుమానం. ట్రాక్ ఉష్ణోగ్రత ప్రభావాన్ని ల్యాప్ టైమ్‌లోంచి ఎలా తీసేయాలి?