అప్‌డేట్: తోరణం అచ్చులో మైసీలియం పలక, పచ్చబూజు పోయింది

పోయిన నెల అడిగింది ఇదీ: కాకతీయ తోరణం నమూనాతో త్రీడీ ప్రింట్ చేసిన అచ్చులో మైసీలియం (గడ్డిని అల్లుకుని పట్టి ఉంచే పుట్టగొడుగు తెల్లపోగులు) పలక కోసం వరిగడ్డి, ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం నింపితే మూలల్లో పచ్చబూజు వస్తోంది, పైనున్న హంస మెడ దగ్గర విరిగిపోతోంది. రెండూ కుదిరాయి.

బూజుకు కారణం తడి. గడ్డిని సెంటీమీటరు లోపు కత్తిరించి, 65-70 డిగ్రీల నీళ్లలో గంట ఉంచి, వార్చాలి. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి. ధార కట్టిందంటే ఇంకా ఆరాల్సిందే. పూర్తిగా చల్లారాక రెండు కిలోల తడిగడ్డికి 200 గ్రాముల విత్తనం. మిగుల్చుదామని విత్తనం తక్కువ వేస్తే ఆ ఖాళీని పచ్చబూజే ఆక్రమిస్తుంది.

అచ్చును వేడినీళ్లతో కడిగితే పీఎల్‌ఏ ప్లాస్టిక్ వంగిపోతుంది, ప్రింటింగ్‌కు వాడే మరో ప్లాస్టిక్ పీఈటీజీ మేలు. గోడలకు 3 డిగ్రీల వాలు, మూలలకు గుండ్రం, అడుగున 2 మి.మీ. రంధ్రాలు. హంస మెడ మందం డిజైన్ ఫైల్లో 6 మి.మీ. ఉండేది, 14 చేశాక నిలిచింది. సన్నని చోట గడ్డి దిగదు, ఉత్త తెల్లపొరే మిగులుతుంది.

నింపిన ఆరో రోజు అచ్చు విప్పి, పాలిథిన్ కవరులో మరో మూడు రోజులు ఉంచితే బయట కూడా తోలులా అల్లుకుంటుంది. ఆపైన ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టాలి. ఒట్టి ఎండను నమ్మితే లోపల ప్రాణం మిగిలి, తేమ తగలగానే పుట్టగొడుగులు మొలవచ్చు. 300 మి.మీ. పలక 285కి కుంచించుకుంది, అందుకే ఫైలును 105 శాతానికి పెంచాను.

మన వరంగల్ ఎండాకాలం మాత్రం దీనికి పనికిరాదు. 25 డిగ్రీల చుట్టూ ఉండాలి. మరో ప్రయత్నంగా పత్తికట్టె పొడి కలిపి చేసిన పలక ఇంకా కవరులోనే ఉంది.