వాడి దాటితే మనదే గోల... "ల"నా, "లు"నా?

నాంపల్లి పాస్
పది రోజులుగా ఒక లైను చెవిలో జోరీగలా తిరుగుతోంది. మా నాన్న గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీసేవారు: "వాడి దాటితే మనదే గోల". దీనికి రెండో పాదం ఉండేది. ఎంత బుర్ర గోక్కున్నా రావడం లేదు. నాన్న రైల్వేలో గుమాస్తా. 1950ల్లో పాసు మీద బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీల్లో మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆట చూసొచ్చిన బాపతు. పెట్టె నిండా మనవాళ్ళేనట. టిఫిన్ క్యారియర్ మూత మీద గరిటెతో దరువు వేస్తూ పోయేవారట. ఆ మూత ఇంకా మా ఇంట్లోనే ఉంది. మధ్యలో ఇంత సొట్ట. మా ఆవిడ అందులో చల్ల మిరపకాయలు ఎండబెడుతుంది. రెండో పాదం ఎవరైనా విన్నారా? ఇంకో సందేహం: చివరి మాట గోలా, గోలూనా? సబ్బు నురగ నోట్లోకి పోతుందని నాన్న ఆఖరి అచ్చు మింగేసేవారు.

ద్రుతం
గోలు. ఇందులో చర్చించడానికి ఏముంది? ఇంగ్లీషు హల్లు మీద ఆగితే మనం ఉకారం తగిలిస్తాం. మీరే "కప్పు", "పాసు" అని రాశారు. అదే దారిలో గోలు. ఫుట్‌బాల్ చూడ్డానికి పోయేవాళ్ళు గోలు అనకుండా గోల అంటారా?

శకటరేఫ
ద్రుతం గారు ఎప్పటిలాగే రైలు కదలకముందే దిగిపోయారు. గోలు అనే రూపం సరైనదే, కాదనను. కప్పులో రెట్టించి పాసులో, గోలులో ఎందుకు రెట్టించమో కూడా చెప్పి ఉంటే నిండుగా ఉండేది (ముందు దీర్ఘం ఉంది కదా). కానీ ఇది రైలుపెట్టెలో పాట. మైదానం ఇంకా ఎంతో దూరం ఉంది. వాడి జంక్షన్‌లో గోలు ఎవడు కొడతాడు? ఈ లైనుకి కీలకం గోల కాదు, వాడి. నిజాం రైల్వే అక్కడితో ఆఖరు. అవతల జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే వాళ్ళది. 1951 నవంబరులో రెండూ సెంట్రల్ రైల్వేలో కలిసిపోయాయి. అంటే వాడి దాకా మన టీసీ, మన స్టేషన్ మాస్టరు, ఇంట్లో చాడీలు చెప్పే మన చుట్టాలు. వాడి దాటాక అడిగేవాడు లేడు. అందుకని మనదే గోల. నన్నడిగితే ఈ పాట పుట్టింది 1950లోనే, సిటీ పోలీసు మొదటి రోవర్స్ కప్పు గెలిచిన ఏడాది. తర్వాత వాడికి ఆ సరిహద్దు విలువ లేదు.

ద్రుతం
కూనిరాగం మీద శిలాశాసనానికి వేసినట్టు తేదీ వేస్తున్నారు. బాగుంది. సిటీ పోలీసు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. ఆ ఐదింట్లో ఎప్పటిదైనా కావచ్చు. రైల్వే బోర్డు మారిందని జనం పాటలు మార్చుకోరు.

కామాటిపురం మనవడు
ఇద్దరికీ నమస్కారం. ఆ కాలంలో హైదరాబాద్ నుంచి బొంబాయి పోయే ఫుట్‌బాల్ గుంపు తెలుగులో పాడిందా? మైదానంలో వినిపించింది దక్కనీ. "మారో మియాఁ" అన్నదే ఎక్కువ. సిటీ పోలీసు కోచ్ రహీం సాబ్ జట్టులో నూర్, అజీజ్, లతీఫ్... వాళ్ళని తెలుగులో పిలిచి అరిచారంటే నాకు నమ్మకం కుదరదు. తెలుగు నినాదం అంటే అది బొంబాయి తెలుగువాళ్ళది అయ్యుంటుంది. కామాటిపురానికి ఆ పేరే మన కామాటీల వల్ల వచ్చింది. పరేల్ మిల్లుల్లో పద్మశాలీలు ఎంతమందో! మా తాత వాళ్ళలో ఒకడు. సాంచాల మోతకి సగం చెవుడు. అందుకే కూపరేజ్ మైదానంలో అందరికంటే గట్టిగా అరిచేవాడని మా నాయనమ్మ వెక్కిరించేది.

ఇప్పుడు అసలు మాట. బొంబాయి నుంచి చూస్తే "వాడి దాటితే" అంటే అర్థం తిరగబడుతుంది. మీకు వాడి దాటితే పరాయి నేల. మా తాతకి వాడి దాటితే సొంతూరు. ఇది పోయేటప్పటి పాట కాదు, పండక్కి ఇంటికొచ్చేటప్పటి పాట.

శకటరేఫ
ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. (గోల మాత్రం గోలే.)

బొల్లారం
వాడి అంటే ఊరే అని అందరూ ఎట్లా ఖాయం చేశారు? నా చెవికి అది "వాణ్ణి దాటితే". మధ్యలో ణ్ణి నోట్లో కరిగిపోయింది. ఆఖరి అచ్చు మింగిన పెద్దమనిషి మధ్యలో ఒక ద్విత్వం మింగలేడా? ఎదురుగా బ్యాకు ఉన్నాడు. వాణ్ణి దాటితే ఇక మిగిలింది గోల్‌కీపరే. మనదే గోలు! ఆట తెలిసినవాడి లైను ఇది, ఊరి పేర్లు ఏరుకునేవాడిది కాదు.

ద్రుతం
బొల్లారం గారికి వీరతాడు వెయ్యాలి. గోలు అని మొదటి నుంచీ చెబుతున్నాను.

కామాటిపురం మనవడు
ఆట తెలిసినవాళ్ళకి ఒక ప్రశ్న. రహీం సాబ్ డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టినాయన. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలని ఇంకో రకం పోటీలు కూడా. ఆయన పద్ధతి బంతి అందించడం. "వాణ్ణి దాటితే" అని పాడినవాడు ఆయన జట్టు అభిమాని అయ్యుండడు. "వీడికి అందిస్తే మనదే గోలు" అని ఉండాలి.

బొల్లారం
అభిమానికి కోచ్ మాట వినాలని రూల్ ఉందా అన్నా? కోచ్ అందించమంటాడు, మేం దాటమంటాం. అందుకే కదా గోల!

మావి 1980ల ముచ్చట్లు. సికింద్రాబాద్ నుంచి లారీలో పొరుగు జిల్లాకి పోయేవాళ్ళం. ముప్పై మందిమి, రెండు మర్ఫా డప్పులు, ఒక ఘమేళా. ఒకసారి ఆఖరి నిమిషంలో గెలిచాం. మైదానం పక్కనే టిఫిన్ హోటలు. పొద్దున మమ్మల్ని "రండి బాబూ" అని పిలిచినాయన సాయంత్రం "ఇడ్లీలు అయిపోయినయి" అన్నాడు. ఆయన వెనకాలే ఇడ్లీ పాత్ర మూత ఆవిరికి టకటకా కొట్టుకుంటోంది. మావాడొకడు ఆ చప్పుడుకి సరిగ్గా తాళం కలిపి ఘమేళా వాయించాడు. ఇక చూస్కోండి, చెప్పులు, అరటి గెలలు, నీళ్ళ చెంబులు... లారీ ఎక్కేసరికి నా ఒక చెప్పు ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. మమ్మల్ని రౌడీలన్నారు. ఇంగ్లీషులో రౌడీ అంటే గోల చేసేవాడే. మన భాషలోకొచ్చాక పాపం షీటు తెరిచే దాకా ఎదిగాడు. ఇంకో తమాషా, సిటీ పోలీసు ఆటల్లో ఆ రౌడీలే "పోలీస్ జిందాబాద్" అని గొంతు చించుకునేవాళ్ళట.

చల్లముంత
ఇన్నాళ్ళకి నాకు పని దొరికింది. పరాయి ఊళ్ళో తిండి దొరక్క తిట్టుకున్న మన మొదటి మొనగాడు శ్రీనాథుడు కదా! కుళ్ళాయి పెట్టుకున్నాడు, కోక చుట్టుకున్నాడు, ఆ పొడుగు అంగీ తొడుక్కున్నాడు. అంటే ఎదుటి జట్టు రంగులు వేసుకుని వాళ్ళ గ్యాలరీలో కూర్చున్నాడన్నమాట. "చల్లా యంబలి ద్రావితిన్ రుచుల్ దోసంబంచు బోనాడితిన్" అన్నాక "తల్లీ, కన్నడ రాజ్యలక్ష్మీ, దయ లేదా" అని ఏడ్చాడు. వాడి దాటితే వచ్చేది కూడా కన్నడ దేశమే, గమనించగలరు. ఆ తర్వాత ఏం చేశాడు? ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టు కంచుఢక్క పగలగొట్టించాడు. వాళ్ళ ఊళ్ళోనే వాళ్ళ డప్పు పగలగొట్టి, పైగా వాళ్ళ చేతే కనకాభిషేకం చేయించుకుని వచ్చాడు. బొల్లారం గారి లారీ బ్యాచికి ఒక చెప్పు పోయింది, ఆయనకి ఏమీ పోలేదు.

శకటరేఫ
కంచుఢక్క దాకా చప్పట్లు. కానీ చల్లముంత గారూ, మీ అంబలిలో రాయి పడింది. "రుచుల్" కాదు, "రుచులు". శార్దూల పద్యపాదంలో నాలుగో గణం సగణం. "చులు దో" అంటే రెండు లఘువులు, ఒక గురువు, సరిపోయింది. "చుల్ దో" అంటే రెండూ గురువులే, పద్యం కుంటుతుంది. ఒక లఘువు తగ్గి యతి కూడా పక్కకి జరిగిపోతుంది. పదమూడో అక్షరంగా "సం" పడాలి.

చల్లముంత
అచ్చులో అలా చూసినట్టే గుర్తు.

శకటరేఫ
అచ్చుకి ఛందస్సు రాదు. పాడి చూడండి, మీకే తెలుస్తుంది.

ద్రుతం
"రుచులు" దగ్గర "లు" ఉండాలన్నవారే "గోలు" దగ్గర వద్దంటున్నారు. నేను ఏమీ అనను.

నాంపల్లి పాస్
అయ్యా, నా రెండో పాదం...

కామాటిపురం మనవడు
వస్తున్నామండీ. అంత్యప్రాసతో పట్టుకోవచ్చు. "గోల" అయితే రెండోది "ఈల"తో ముగిసి ఉండాలి. "కూపరేజ్ దాకా ఒకటే ఈల" లాంటిది. "గోలు" అయితే "కాలు". "ఆగదులే మన పోలీసు కాలు". ఏదైనా గంట కొట్టిందా?

నాంపల్లి పాస్
నిజం చెప్పనా, రెండూ వినగానే "అవును, ఇదే" అనిపించింది. దాంతో నా మీద నాకే నమ్మకం పోయింది.

చల్లముంత
"గోల"కి మీరెవరూ తలుచుకోని పాత అర్థం ఒకటుంది. ప్రబంధాల్లో గోల అంటే ముగ్ధ, ఏమీ తెలియని పిల్ల. "మనదే గోల" అంటే... గడ్డం గీసుకుంటూ పాడుకునే వయసు కూడా లెక్కలోకి తీసుకుంటే...

నాంపల్లి పాస్
మా అమ్మ ఈ గ్రూపులో లేదు కాబట్టి బతికిపోయారు.

బొల్లారం
సంస్కృతంలో గోల అంటే గుండ్రటిది, బంతి. మనం గోళం అంటాం. కాబట్టి గోల, గోళం, గోల్ అన్నీ ఒకటే. మనదే గోల అంటే బంతి మన దగ్గరుంది అని. గోలకొండ కూడా...

శకటరేఫ
వద్దు. గోలకొండని ముట్టుకోవద్దు. అది గొల్లకొండ. ఆ గొడవకి దిగితే ఇంకో రెండు వందల జవాబులు పడతాయి. ఇంగ్లీషు గోల్‌కి మొదట హద్దు అనే అర్థం, గుండ్రానికీ దానికీ చుట్టరికం లేదు.

కామాటిపురం మనవడు
గోలకొండ మాటొచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. 1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు కోట ముందు కూర్చుని గెలిచాక, విడిది చేసిన మైదానానికి ఫతే మైదాన్ అని పేరు పడిందంటారు. అదే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం. పైనుంచి వచ్చిన జట్టు గెలిచిన గుర్తుగా సొంత మైదానానికి పేరు పెట్టుకున్న ఊరు మనది. ఎనిమిది నెలలు ఆ గుంపు ఎంత గోల చేసి ఉంటుందో!

నాంపల్లి పాస్
ఇక లాభం లేదని నిన్న రాత్రి మా మేనత్తకి ఫోన్ చేశాను. ఎనభై ఆరేళ్ళు. నాన్న కంటే చిన్నది. లైను చెప్పగానే పడీపడీ నవ్వింది. "గోలా లేదు గోలూ లేదురా, గోలి! వాడి దాటితే మనదే గోలి" అంది. వాడి దాకా ఎవడు ముందు నిద్రపోతే వాడు మిగతా వాళ్ళందరికీ ప్లాట్‌ఫారం మీద గోలి సోడా కొట్టించాలని పందెమట. సోడా బుడ్డి నొక్కినప్పుడు వచ్చే కీచుమన్న చప్పుడుకి పెట్టె పెట్టె అంతా లేచి కూర్చునేదట. రెండో పాదం అడిగితే, "అది ఆడపిల్లల ముందు పాడేది కాదు" అని ఫోన్ పెట్టేసింది.

శకటరేఫ
అత్తగారికి నమస్కారం. కానీ పందెం వాడి దాకా అయితే "వాడి దాటితే" అని ఎందుకుంటుంది? సోడా వాడిలోనే కదా తాగింది?

ద్రుతం
పైగా గోలి హ్రస్వమా, గోలీ దీర్ఘమా? అత్తయ్య గారిని మళ్ళీ ఒకసారి అడిగి చూడండి. వీలైతే రికార్డు చేయండి.

బొల్లారం
రెండో పాదం "వాణ్ణి దాటితే" వైపే మొగ్గుతోంది, నాకు తెలుసు.

చల్లముంత
శకటరేఫ గారూ, రాత్రి పాడి చూశాను. "రుచులు"నే.