కాలువ గట్టున తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ తోట వేయాలంటే

ప్రశ్న (విజయవాడ, గుణదల నివాసి):
మా కాలనీని ఆనుకొని ఏలూరు కాలువ గట్టున కొంత ఖాళీ స్థలం ఉంది. అక్కడ తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ పనికివచ్చే తోటను అందరం కలిసి పెంచాలనుకుంటున్నాం. కడియం నర్సరీల నుంచి ముద్దబంతి, ముద్దమందారం తెప్పిద్దామని కొందరూ, పిల్లలు తిరిగే చోటికి తేనెటీగలెందుకని మరికొందరూ అంటున్నారు. దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం (పటమట):
ముద్దపూలు కంటికి ఇంపే గానీ, రేకులు కిక్కిరిసిన ఆ పూలలో తేనె, పుప్పొడి తక్కువ. ఉన్న కాస్తా తేనెటీగకు సులువుగా అందదు. తులసి, మునగ, ఒంటిరేకు బంతి వేసుకోండి. చోటుంటే ఎండాకాలంలో పూసే వేప, కానుగ నాటండి. అయితే పూలతోనే పని అయిపోదు. నిమ్మ, కరివేపాకు మొక్కలపై కొన్ని సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. వాటి గొంగళిపురుగు చిన్నగా ఉన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా కనిపించి, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. జిల్లేడు ఆకు మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీలున్న పురుగు కనిపిస్తే అదీ అలాంటిదే. పురుగు పట్టిందని ఎవరో ఒకరు మందు కొట్టడం ఖాయం (మా వీధిలోనూ అదే వరస), కనుక ఆకులు చిల్లులు పడటానికే ఈ మొక్కలు వేశామని ముందుగానే బోర్డు పెట్టండి. నర్సరీలో ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందు వాడారేమో అడిగి తెలుసుకోండి. అది మొక్కలోకి ఇంకి పుప్పొడిలోకీ చేరుతుంది.

సమాధానం (గుంటూరు):
పూల మీద వాలిన తేనెటీగ, చేత్తో నొక్కితే తప్ప సాధారణంగా కుట్టదు. ప్రమాదమంతా తేనెపట్టును కదిలించినప్పుడే కాబట్టి, పెట్టెల్లో తేనెటీగలను పెంచే ఆలోచన మాత్రం అక్కడ వద్దు. పట్టు కట్టకుండా, నేలలో బొరియ చేసుకొని ఒంటరిగా బతికే తేనెటీగలు కూడా చాలా ఉన్నాయి. గట్టంతా టైల్స్ పరిస్తే వాటికి చోటుండదు. వంగ పువ్వును పట్టుకొని ఝుమ్మని అదిరిస్తూ పుప్పొడి రాల్చే పని తుమ్మెదలూ చేస్తాయి. వాటి గూడు కోసం ఒకటి రెండు ఎండు దుంగలను అలాగే వదిలేయండి.

సమాధానం (గుణదల):
గట్టు జలవనరుల శాఖది కనుక ముందు వారి అనుమతి తీసుకోండి. దోమల కోసం వేసే పొగ తేనెటీగలనూ చంపుతుంది; తోట దగ్గర మినహాయింపు కోరుతూ నగరపాలక సంస్థకు అర్జీ ఇవ్వండి. అర్జీ ఇచ్చేవారు తోటలో దోమలు పుట్టకుండా కూడా చూసుకోవాలి మరి. పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పెడితే, వాటిని రోజూ మార్చాలి. వానలు కుదురుకున్నాక నాటితే మొదటి నెలల్లో నీళ్లు మోసే పని తగ్గుతుంది.