ఇంట్లో అడుగు పెట్టగానే మ్యాప్ నన్ను పాతింటికి పంపేస్తోంది, ఎందుకు?

అద్దెపక్షి (ప్రశ్న):
ఇల్లు మారి నెలైంది. పాతింటికీ దీనికీ 7 కిలోమీటర్లు. గేటు దగ్గర నిలబడి మ్యాప్ తెరిస్తే నీలం చుక్క సరిగ్గా గేటు మీదే ఉంటుంది. లోపలికొచ్చి సోఫాలో కూర్చునేలోపు ఎగిరి పాతింటి మీద వాలుతుంది. వేరే ఊళ్లో ఉన్న మా అమ్మ నా లొకేషన్ తన ఫోన్‌లో చూస్తుంటుంది. మొన్న రాత్రి ఫోన్ చేసి, "పదకొండింటికి ఆ ఖాళీ చేసిన కొంపలో నీకేం పనిరా?" అంది. ఇంట్లోనే ఉన్నానంటే నమ్మలేదు. వీడియో కాల్ చేసి గోడలు చూపించాల్సి వచ్చింది.

ఫోన్ రీస్టార్ట్ చేశాను, యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నాను. నా భార్య ఫోన్‌లోనూ ఇదే తంతు. ఇంకో వింత, పనికొస్తుందో లేదో తెలీదు: ఆదివారం రెండు గంటలు కరెంటు పోయింది. ఆ రెండు గంటలూ చుక్క బుద్ధిగా కొత్తింట్లోనే ఉంది. కరెంటు రాగానే మళ్లీ పాతింటికే.

తొందరబాబు:
ఫోన్ చేత్తో పట్టుకుని గాల్లో 8 అంకెలా నాలుగైదు సార్లు తిప్పండి. సెట్ అయిపోతుంది.

సర్వేరాయి:
8 తిప్పుడు ఫోన్‌లోని దిక్సూచికి. మీరు ఎటు తిరిగి ఉన్నారో అది సరిచేస్తుంది, ఎక్కడున్నారో కాదు.

అద్దెపక్షి గారూ, పనికొస్తుందో లేదో అంటూ చివర్లో రాసిన కరెంటు సంగతే అసలు సంగతి. వై-ఫై రౌటర్ పాతింటి నుంచి తెచ్చుకున్నారు కదా?

జీపీఎస్ ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల పైన తిరుగుతుంటాయి. మన దాకా వచ్చేసరికి వాటి సిగ్నల్‌లో ప్రాణం ఉండదు. ఫోన్‌కి కనీసం నాలుగు ఉపగ్రహాలు వినిపిస్తేనే లెక్క తేలుతుంది. గేటు దగ్గర వినిపిస్తాయి, స్లాబు కింద కష్టం. అందుకే ఇంట్లోకి రాగానే ఫోన్ వై-ఫై వైపు చూస్తుంది. ప్రతి రౌటర్‌కీ తనదంటూ ఒక నంబరు ఉంటుంది. మామూలుగా సెకనుకు పదిసార్లు ఆ నంబరుని చాటింపు వేస్తుంటుంది. అది వినడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, కనెక్ట్ అవ్వక్కర్లేదు. ఏ నంబరు ఎక్కడ వినిపించిందో మ్యాప్ కంపెనీలు ఒక పట్టిక పెట్టుకుంటాయి. లొకేషన్ ఆన్‌లో పెట్టుకుని వీధిలో వెళ్లేవాళ్ల ఫోన్లే ఆ పట్టికని నింపుతుంటాయి. మీరు సామానంతా లారీలో వేసుకుని వచ్చేశారు గానీ, పట్టికలో మీ రౌటర్ ఇంకా పాతింట్లోనే కాపురం చేస్తోంది. కరెంటు పోతే దాని నోరు మూతపడుతుంది, అప్పుడు ఫోన్ మిగతా దారులు చూసుకుంటుంది.

మామూలుగా ఇంత మొండిగా ఉండదు. ఇరుగుపొరుగు రౌటర్లు నాలుగు కలిసి "ఇది పాతిల్లు కాదు" అని సాక్ష్యం చెబితే మీ ఒక్కదాని మాట చెల్లదు. మీ చుట్టుపక్కల ఇళ్లు లేవా?

ఆండ్రాయిడ్ అయితే లొకేషన్ సెట్టింగ్స్‌లో 'లొకేషన్ యాక్యురసీ' కొన్నాళ్లు ఆపేయండి. పేరు చూసి భయపడకండి, ఆపితే జీపీఎస్ ఒక్కటే మిగులుతుంది. ఇంట్లో చుక్క కాస్త నెమ్మదిస్తుంది గానీ 7 కిలోమీటర్లు ఎగరదు. పట్టిక మారాలంటే మాత్రం జీపీఎస్ బాగా అందే చోట, కిటికీ దగ్గరో గేటు దగ్గరో, మీ రౌటర్ కొత్త అడ్రసులో వేరే ఫోన్లకి పదేపదే వినిపించాలి. రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు.

ఫోన్ కాకుండా కంప్యూటర్‌లో చూస్తే కథ ఇంకా వేరు. అక్కడ చాలాసార్లు ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) చూసి ఊహిస్తారు. అమెరికాలో ఒక కంపెనీ, ఐపీ అమెరికాదని తప్ప ఇంకేమీ తెలియనప్పుడు ఉత్తరం 38, పశ్చిమం 97 డిగ్రీలని రాసేది. దేశం నడిబొడ్డుకి దగ్గర్లో దశాంశాలు లేని అంకెలని ఎంచుకున్నారు. తీరా ఆ పాయింటు కాన్సాస్‌లో ఒక పొలం ఇంటి ముంగిట్లో పడింది. 60 కోట్లకు పైగా ఐపీ అడ్రసులు అక్కడే ఉన్నట్టు లెక్క! ఎక్కడెక్కడి మోసాలకో పోలీసులు ఏళ్ల తరబడి ఆ తలుపు తట్టారు. 2016లో గానీ కారణం బయటపడలేదు.

మూటలబండి:
పార్శిళ్లు ఇచ్చే పనిలో ఉన్నాను కాబట్టి ఒక మాట. చుక్క వేరు, పిన్ను (అడ్రసుకి మ్యాప్‌లో పెట్టే గుర్తు) వేరు. చుక్క సరైనా, యాప్‌లో 'ఇల్లు' అని సేవ్ చేసింది పాతదైతే బండి పాతింటికే పోతుంది. అది మీరే మార్చాలి. కొత్తగా టైపు చేసినా నమ్మొద్దు. ఇంటి నంబరు విడిగా దొరక్కపోతే, వీధిలో 1 నుంచి 100 దాకా ఉన్నాయని 50ని సగం దూరంలో పెట్టేస్తుంది. అక్కడ ఇళ్లుండవు, మైదానం ఉంటుంది. నేను ఆ మైదానంలో నిలబడి ఎన్ని ఫోన్లు చేశానో! పిన్నుని వేలితో జరిపి గేటు మీద పెట్టండి.

అద్దెపక్షి:
సర్వేరాయి గారూ, రౌటర్ ఒక్కటే కాదు, వై-ఫైని ఇల్లంతా అందించే రెండు ఎక్స్‌టెండర్లు కూడా పాతింటివే. చుట్టూ ఖాళీ స్థలాలు, పొరుగున ఒకే ఇల్లు. అంటే మూడు దొంగ సాక్ష్యాలు, ఒక్క నిజం! మీరు చెప్పింది ఆపి చూశాను. గంట నుంచి చుక్క హాల్లోనే ఉంది. 'ఇల్లు' కూడా చూశాను, పాతదే ఉంది, మార్చాను. నా భార్య ఫోన్‌లో మాత్రం ఏమీ మార్చలేదు, పట్టిక ఎప్పటికి మారుతుందో చూద్దామని. ఇప్పటికైతే ఆవిడ ఇంకా పాతింట్లోనే ఉంది.