అప్‌డేట్: రెండేళ్లకే పగిలిన తారు డ్రైవ్‌వే, అసలు కారణం దొరికింది

న్యూజెర్సీలో మా ఇంటి డ్రైవ్‌వే వేయించిన రెండేళ్లకే గరాజ్ ముందు మొసలి చర్మంలా పగిలి కుంగిపోయిందని, సీల్‌కోట్ (తారు మీద పూసే పల్చటి రక్షణ పూత) కొట్టిస్తే చాలా అని మార్చిలో అడిగాను కదా. పని అయిపోయింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"తారు సంగతి తర్వాత, ముందు కింద ఏముందో తవ్వి చూడండి" అన్నవాళ్ల మాటే నిజమైంది. కొత్త కాంట్రాక్టర్ ఓ మూల తవ్వి చూపించాడు. తారు కింద కంకర 2 అంగుళాలు కూడా లేదు, ఆ కిందంతా తడి బంకమన్ను. పిడికిట్లో నొక్కితే లడ్డూలా ముద్ద కట్టింది. పైకప్పు వాన నీళ్ల పైపు సరిగ్గా ఆ మూలకే వదులుతోంది. నేను రోజూ చూసే పైపే!

అక్కడంతా అడుగు లోతు తవ్వి, మట్టిపై జియోటెక్స్‌టైల్ గుడ్డ (కంకర మట్టిలో కలిసిపోకుండా ఆపేది) పరిచారు. దానిపై 8 అంగుళాల కంకర రెండు విడతలుగా పోసి, ప్రతిసారీ రోలర్‌తో తొక్కించారు. పైన రెండున్నర అంగుళాల బైండర్ (కింది తారు పొర), ఒకటిన్నర అంగుళం టాప్ (పై తారు పొర). వాలు అడుగుకు పావు అంగుళం, ఇంటి నుంచి బయటికి. పైపును లాన్ వైపు మళ్లించారు.

కారు బరువు, చలికాలం చల్లే ఉప్పు గురించి అనవసరంగా టెన్షన్ పడ్డాను. సీల్‌కోట్ అయితే డబ్బు దండగే అయ్యేది, అది కుంగిన నేలను లేపదు. కొత్త తారుకైనా సీల్‌కోట్ కొట్టడానికి కనీసం 6 నెలలు ఆగమన్నాడు కాంట్రాక్టర్.

3 రోజులు కారు వీధిలోనే పెట్టాం. మొన్నటి జోరు వానకి గరాజ్ ముందు నీళ్లు నిలవలేదు.